గార్డుగారి కోటు మీద కుక్కపిల్లలు

అదేంటే అమ్మలూ, కుక్కపిల్లని ఉత్త గచ్చు మీద పడుకోబెట్టావు? కింద ఏదన్నా పాతగుడ్డ వెయ్యి. ఆఁ ఆఁ, అది కాదు, అది మీ నాన్న చొక్కా! అడక్కుండా వేస్తే ఏమవుతుందో మా ఇంట్లో ఒకసారి చూశాంలే. మా వదిన చేసిన పని. అదేనే, ఫొటోలో గుమ్మం పక్కన నవ్వుతూ ఉంటుందే, ఆవిడ. నువ్వు పుట్టకముందే పోయింది. మా అన్నయ్యని చేసుకుని వచ్చేసరికి మా ఇల్లు ఎలా ఉండేదనుకున్నావు? అమ్మ పోయి చాలా ఏళ్లు. నాన్న, మేం ముగ్గురన్నదమ్ములం, అంతే. నాన్న రైల్లో గార్డు చేసి రిటైరయ్యారు. అయ్యారు గానీ మమ్మల్ని ఇంకా రైలుపెట్టెలే అనుకునేవారు. ఆయన ఊఁ అంటే కదలాలి, ఉహుఁ అంటే ఆగాలి. మా ఇంట్లో నవ్వు వినిపించిందంటే అది పక్కింటివాళ్లదే. వదిన చేతులేమో ఊరుకోవు. చిరిగిన చొక్కా కనబడితే సంచీ అయిపోయేది, పగిలిన కుండ కనబడితే పూలకుండీ అయిపోయేది. పెరట్లో చిక్కుడు పాదు కూడా పెట్టింది. "కాసేపు కదలకుండా కూచుంటే నన్నూ ఏదోటి చేసేస్తావేమో వదినా" అనేవాడు మా చిన్నన్న.

ఏం చెబుతున్నాను? ఆ, కోటు. ఆ వానాకాలం ఒక కుంటి వీధికుక్క మా పెరట్లో కట్టెల చాటున ఈనింది. నాన్నకి కుక్కలంటే పడదు, గడప తొక్కితే ఊరుకునేవారు కాదు. వదినకేం తెలుసు? తెలిసినా వినేది కాదులే. పాతబట్టల పెట్టె తీసి, నల్ల ఉన్నికోటొకటి కనబడితే కత్తెర వేసి, బొంత కుట్టి, వంటింటి మూల పరిచి తల్లినీ పిల్లల్నీ చేర్చింది. అది నాన్న డ్యూటీ కోటే! ఇంటికి సున్నాలు వేయిస్తూ అన్నయ్య ఆ పెట్టెలో పడేసి మర్చిపోయాడు. నేనప్పుడు ప్రెస్సులో అక్షరాలు పేర్చేవాణ్ని. పని ముగించుకుని వచ్చేసరికి ఇత్తడి గుండీలు గూట్లో వరసగా ఉన్నాయి. "వదినా, కొంప ముంచావ్" అన్నాను. "ఏం, గుండీలు కావాలా?" అంటుంది! విషయం చెప్పాక పాపం మొహం పాలిపోయింది. ఇంతలో నాన్న షికారు నుంచి రానే వచ్చారు. వంటింట్లోకి తొంగిచూసి అలా నిలబడిపోయారు. అన్నయ్య గోడకి అతుక్కుపోయాడు, చిన్నన్న పెరటి దారిన పరారు. వదిన మాత్రం తల్లికుక్కకి అడ్డంగా నిలబడి, "నన్నేమన్నా అనండి మామయ్యగారూ, వీటిని వానలోకి తోలకండి" అంది. నాన్న మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూలబడ్డారు. ఒక పిల్ల బొంతలో మిగిలిన కోటు చేతిలోకి దూరి, మూతి ఒక్కటే బయటపెట్టి నిద్రపోతోంది. దాన్ని వేలితో ముట్టుకున్నారు. "ఈ కుట్లు ఎవరు వేశారమ్మాయ్?" అన్నారు. "నేనే." "ఇంతింత కుట్లా? పిల్లల కాళ్లు ఇరుక్కుంటాయి. ఎలా కుట్టాలో చెప్పు, నేను కుడతాను."

పొద్దున్నే సూదీ దారం పట్టుకుని కూర్చున్నారంటే నమ్ము! వేళ్లన్నీ పొడుచుకున్నారు. పిల్లలకి పేర్లు కూడా ఆయనే పెట్టారు, ఎక్స్‌ప్రెస్సు, ప్యాసింజరు, షటిలు, గూడ్సు. గూడ్సు బొద్దుగా ఉండేదిలే, ఎక్కడ పడితే అక్కడ ఆగిపోయేది. వాటికి కాస్త కాళ్లొచ్చి చిక్కుడు పాదు తవ్వడం మొదలెడితే, నాన్న పెరటి గుమ్మంలో నిలబడి తన డ్యూటీనాటి ఎర్రజెండా ఊపేవారు. అవి వింటాయా? ఒకరోజు గూడ్సు ఆ జెండానే లాక్కెళ్లి చింపిపెట్టింది. వదినకి ఎర్రగుడ్డ దొరక్క పచ్చగుడ్డ అతుకేసి ఇచ్చింది. నాన్న అటూ ఇటూ తిప్పి చూసి, "ఇప్పుడు బండి ఆగాలా, కదలాలా అమ్మాయ్?" అన్నారు. "వాటి ఇష్టం మామయ్యగారూ" అంది వదిన. అంతే! నాన్న నవ్వారే! స్తంభం పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. ఏమైందోనని మేం ముగ్గురం పరిగెత్తుకొచ్చాం. ఆ నవ్వు మేం ఎరగం మరి. ఆ తర్వాత మామా కోడలూ వరండాలో కూర్చుని బొంతలు కుడుతూనే ఉన్నారు, వీధిలో ఏ పసిబిడ్డ కింద చూసినా వాళ్ల బొంతే. చూపు మందగించాక ఆయన సూది చాపి, "అమ్మాయ్, దారం ఎక్కించి పెట్టవూ" అనేవారు. మంచినీళ్లు కూడా ఒకర్ని అడిగే మనిషి కాదే ఆయన. వదిన దారం కొస నోట తడిపి, ఒక్క పోటుకి ఎక్కించి, ఆయన చేతిలో పెట్టి...

ఊఁ. గాలి లేచింది. ఆ కిటికీ వెయ్యమ్మా.