సకియుస ఎక్కించిన లినక్స్

"ఈ దీవిలో లినక్స్ ఎక్కించిన మొట్టమొదటి మొనగాణ్ణి నేనే" అన్నాడు సకియుస, కొబ్బరిచిప్పలోని యంగోనా వేరు పానీయం ఒక్క గుక్కలో దించేసి. ఆచారం ప్రకారం మూడుసార్లు చప్పట్లు చరిచాక గొంతు కాస్త తగ్గించాడు. "అంటే, దీవిలో ఉన్న కంప్యూటరే ఒకటనుకోండి."

శనివారం మధ్యాహ్నం. బడి వసారాలో ఇనోకె తాత చెక్కతొట్టి ముందు కూర్చుని బూడిదరంగు యంగోనా కలుపుతున్నాడు. మూడో చిప్పకే అందరి నాలుకలూ మొద్దుబారాయి. ఎదురుగా సముద్రం అలలు మానేసి, తనకూ ఒక చిప్ప పోస్తారేమోనని చాప అంచుదాకా వచ్చి కూర్చున్నట్టుంది.

పంతులమ్మ మకెరెత మాత్రం గడప పక్కన కుదురుగా లేదు. లోపల గదిలో ఆ కంప్యూటర్ సకియుస పెట్టిన లినక్స్ ప్రోగ్రాంతోనే నడుస్తోంది. అందులో వాసెమద అవ్వ చెప్పిన పడవపాట ఉంది. ఏ పగడపు దిబ్బ దాటాక ఏ చుక్కను పట్టుకోవాలో, ఏ నీటిరంగు దగ్గర తెడ్డు తిప్పాలో చెప్పే పాట. అవ్వ చెబుతుంటే మకెరెత ఇరవై రోజులు కూర్చుని టైపు చేసింది. "ఇంక నాకు ఓపిక లేదే తల్లీ" అని అవ్వ కూతురి దీవికి వెళ్ళిపోయింది. సోమవారం పడవలో కంప్యూటర్ రాజధాని సువకు పోవాలి, పాట అక్కడ అచ్చుకావాలి. ఈ పూటే డబ్బాలో సర్దేయాలి.

"వెళ్ళి ఆపేసి వస్తా బావా" అని లేచింది.

"కూర్చో మరదలా. అసలు అది ఎక్కించిన రోజు ఏమైందో తెలుసా?"

మేనమామ కొడుకు. వాడి కోతలు వినడం ఎంత ఆచారమో, వాటిని కోసిపారేయడమూ అంతే ఆచారం. కూర్చుంది.

"పెన్‌డ్రైవ్ పెట్టానా, తెర నల్లబడిపోయింది. నల్లదనంలోంచి తెల్లటి అక్షరాలు వాన పడ్డట్టు జలజలా రాలాయి. దోసిలి పడితే నిండేవి. అవి ఆగాక ఒక ప్రపంచపటం తెరిచి, నువ్వెక్కడున్నావయ్యా అని అడిగింది. పటంలో మన దీవి లేదు. నీళ్ళే. ఏం చేస్తాం, వేలితో ఒక చుక్క పెట్టాను. అది కాస్తా తేదీ మారే గీతకి అవతల పడింది."

"పడితే?" అన్నాడు ఇనోకె తాత.

"పడితే ఏముంది తాతా, దీవి దీవంతా నిన్నటిలోకి జారిపోయింది. పొద్దున తిన్న చేపలు మళ్ళీ దిబ్బ దగ్గర ఈదుతున్నాయి. నువ్వు తొట్టి ముందు కూర్చుని, తాగేసిన యంగోనానే మళ్ళీ కలుపుతున్నావు."

"అందుకేనా ఆ రోజు పలచగా అనిపించింది" అన్నాడు తాత.

మకెరెత నవ్వుతూనే మళ్ళీ లేచింది.

"ఆగవే, అసలుది ఇప్పుడేగా. తర్వాత డిస్కుని భాగాలు పంచమంది. పెద్దలు పొలాలు పంచినట్టు పంచాను. వంటకింత, నిద్రకింత, చుట్టాలొస్తే ఇంత. పంచేకొద్దీ లోపల చోటు పెరుగుతోంది. కిటికీలోంచి ఒక సముద్రపు కాకి వచ్చి, తెరలోకి ఎగిరి, ఇంక బయటికి రాలేదు. దాన్ని వెతుక్కుంటూ నేనూ వెళ్ళాను. లోపలంతా వెన్నెల. నీళ్ళ కింద కూడా చుక్కలు. పడవ మీద లినక్స్ గుర్తులో ఉండే ఆ పెంగ్విన్ తెడ్డేస్తోంది. చిప్ప అందిస్తే రెక్కలతో మర్యాదగా చప్పట్లు కొట్టి మరీ తాగింది."

"ఒకసారా, మూడుసార్లా?" అన్నాడు తాత.

"ముందొకటి, తాగాక మూడు. పద్ధతి తెలిసిన పక్షి. ఇక కంప్యూటర్ ఫ్యాను తిరిగిందంటే ఆ గాలికి మన దీవి పక్కదేశం టోంగావైపు జానెడు జరిగింది. నేనే కొబ్బరిపీచు తాడు పేని దిబ్బకి కట్టాను. లేకపోతే ఈపాటికి మనం..."

మూడోసారి లేచిన మకెరెత ఈసారి కూర్చోలేదు.

"బావా, నేను లేచినప్పుడల్లా నీ కథ లేస్తోంది. మొదటిసారికి చేపలొచ్చాయి, రెండోసారికి పెంగ్విన్ వచ్చింది. ఇంకోసారి లేస్తే తిమింగలాన్ని దించుతావు. ఆ గదిలోకి నన్నెందుకు పోనివ్వవు?"

సమాధానం కోసం ఆగలేదు. లోపలికి వెళ్ళి స్విచ్చి మీద చెయ్యి వేసింది.

"ఆపకు" అన్నాడు సకియుస గుమ్మంలోంచి. కోతలు కోసే గొంతు కాదది. "ఆపితే నీ పాట పోతుంది."

"లినక్స్ ఎక్కించానన్నావుగా."

"ఎక్కించేముందు అది ఒక మాట అడిగింది. ఇందులో ఉన్నదంతా చెరిపేస్తా, సరేనా అని. ఉన్నవేమో పాత హెడ్మాస్టరుగారివి. అడక్కుండా ఒకరి సొత్తు ఎలా చెరిపేది? పోయిన పడవలో ఆయనకి మర్యాదగా యంగోనా వేరు కట్ట పంపి అడిగాను. జవాబు రాలేదు."

"అడగాల్సిందే" అన్నాడు వెనకనుంచి ఇనోకె తాత, తొట్టి వదలకుండానే.

"మరి నేను టైపు చేసింది?"

"డిస్కులో ఏదీ దాచలేదు, దించుకోవడానికి ఇంకో పెన్‌డ్రైవూ లేదు. కరెంటు ఉన్నంతసేపే ఉంటుంది. నేను రోజూ సోలారు బ్యాటరీ పక్కన పడుకుంటున్నది చల్లగా ఉంటుందని కాదు."

మకెరెత స్విచ్చి మీంచి చెయ్యి తీసింది, నిద్రపోతున్న పసిపిల్ల మీంచి తీసినట్టు. బీరువాలోంచి పరీక్ష కాగితాల కట్ట దించి, పెన్ను తెచ్చి బావ చేతిలో పెట్టింది.

"నేను చదువుతాను, నువ్వు రాయి. సోమవారంలోగా అయిపోవాలి. ఇంతకీ, ఎక్కించకుండానే ఇన్నాళ్ళూ అది ఎలా నడిచింది?"

సకియుస పెన్ను మూత తీశాడు.

"ఎక్కించు అనే బొత్తాం పక్కనే, ముందు పెన్‌డ్రైవ్ మీంచే కాస్త రుచి చూసుకో అని ఇంకో బొత్తాం ఉంటుంది మరదలా. ఇరవై మూడు రోజుల్నుంచీ మనం రుచే చూస్తున్నాం."