నల్లవాగు వంతెన చెక్కలు

ఎల్లమంద అని రైల్వే కీమేను ఉండేవాడు మనూళ్ళో. రోజూ పొద్దున్నే సుత్తీ పానా భుజానేసుకుని నల్లవాగు వంతెన మీద పట్టాలెంట నడుసుకుంటా పోయేవాడంట, యాడన్నా బోల్టు వదులైతే బిగించేవాడంట. చిన్న రైలు నడిసే రోజులయ్యి. తర్వాత పెద్ద లైనొచ్చింది, దిగువన రెండు మైళ్ళవతల కొత్త వంతెన కట్టారు, ఇక్కడి పట్టాలు పీక్కెళ్ళిపోయారు. ఇనప దూలాలూ, వాటి మీద అడ్డంగా టేకు చెక్కలూ మిగిలినయ్. ఇక చూడు, రైలు పోయాకే ఆ వంతెన మనదైంది. పాల క్యాన్లు దాని మీదే, సంతకి పోయే మేకలు దాని మీదే, ఉతికిన దుప్పట్లు ఆరేసేదీ దాని మీదే, పెళ్ళికూతుర్ని అత్తారింటికి నడిపించుకుపోయేదీ దాని మీదే. వాగు పొంగిందంటే అవతలికి అదొక్కటే దారి అనుకో.

ఏమైందంటే, ఒక ఎండాకాలం ఎల్లమంద ఇల్లు కట్టుకున్నాడు. గడపకి మంచి కర్ర దొరకలా. ఇన్నేళ్ళు కాపలా కాసినోణ్ణి, ఒక్క చెక్క తీసుకుంటే ఏం పోద్దిలే అనుకుని, పానా పట్టుకెళ్ళి ఒకటి ఊడదీశాడంట. ఆ గడప చూసి పక్కింటోడొచ్చి మామా నాకూ ఒకటన్నాడు. ఆ బోల్టులు ఊడదీయటం ఊళ్ళో ఇంకెవరికొచ్చు? కాదంటే నీకో న్యాయం మాకో న్యాయమా అంటారు. అట్టా అడిగినోళ్ళందరి గడపలకీ ఇచ్చాడు. మొదట్లో ఒకటి వదిలి ఒకటి తీసేవాడు, మనిషి అంగేసి దాటేట్టు. పోనుపోను అదీ పోయింది. మన ఒడ్డు వైపు ముప్పై చెక్కల మేర బోడిగా మిగిలింది. వాగు ఎండే ఉంది కదా, దిగి పోతాంలే అన్నారంట అందరూ. మన తెలివి అట్టాంటిది!

శ్రావణంలో ఎల్లమంద కూతురు వజ్రానికి నొప్పులొచ్చినయ్. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని గురవమ్మేమో అవతలి ఒడ్డున ఉండేది. వాగు దూలాల్ని ఒరుసుకుంటా పారతా ఉంది. ఎల్లమంద దూలం మీద బోర్లా పడి పాక్కుంటా పోయి ఆమెని పిలుచుకొచ్చాడు. గురవమ్మ అరవై ఏళ్ళ మనిషి, చెక్కలు అయిపోయిన కాడ ఆగిపోయి, "చెక్కలేవిరా ఎల్లమందా?" అందంట. "నేనే ఊడదీశా పిన్నీ. ఇక్కడే కూసో, ఇప్పుడే తెస్తా" అని మళ్ళీ పాక్కుంటా వచ్చి ఇంటింటికీ తిరిగాడు. ఒక్క పూట ఇయ్యండయ్యా, మళ్ళీ నా చేత్తోనే గడప నిలబెడతానని కాళ్ళు పట్టుకున్నాడు. ఆ రోజు శుక్రవారం. పసుపు రాసి బొట్లు పెట్టిన గడపని గునపమేసి పెకలిస్తామా, మా ఇంట్లో ఏదన్నా అయితే నువ్వొస్తావా అన్నారు. కసిరినోళ్ళెవరూ లేరు, అయ్యో అయ్యో అంటానే అన్నారంట. ఎల్లమంద తన గడప తనే పెకలించి, మోసుకుపోయి దూలాల మీద ఏశాడు. ముప్పైలో ఒకటి. ఏం చెయ్యాలో తోచక దాని మీదే కూలబడితే, ఇంటి కాణ్ణించి ఏడుపు వినపడింది. తల్లి బతికింది, బిడ్డ దక్కలా.

మొదటి బోల్టు నేను ఊడదీయకపోతే, నేను ఊడదీయకపోతే అని పోయేదాకా అదే మాట ఆయనకి. ఊరంతా పరామర్శకి పోయారులే. మా అమ్మా పోయింది. మా ఇంటి గడపా ఆ చెక్కేనయ్యా, దాచేదేముంది. ఇంకా గట్టిగానే ఉంది. శుక్రవారం శుక్రవారం పసుపు రాస్తానే ఉన్నాం. ఏం చేస్తాం, పీకగూడదు గదా.