ఆసుపత్రి చింత కింద కొర్లమ్మ

మన ఆసుపత్రి వెనక చింతచెట్టుంది చూసేరా, దాని కింద ఊరికే ఎవడూ నిలబడడు. మేకలు కాసేవాడు కూడా ఎండలో మాడతాడు గాని ఆ నీడకి పోడు. నవ్వకండర్రా. ఏదీ, నవ్వినోడెవడో వెళ్ళి ఓ చింతకాయ కోసుకురమ్మనండి చూద్దాం. ఆఁ, అందుకే కూర్చుని వినండి.

మా చిన్నప్పుడు ఈ మొగపేటలో ఆసుపత్రి లేదు, రోడ్డూ లేదు. ఒంట్లో బాగోకపోతే పడవెక్కి ఉప్పుటేరు దాటి అవతలి ఒడ్డుకి పోవాలి. అప్పుడు కొర్లమ్మని ఒకావిడ ఉండేది, ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగేది, ఆవిడ ఇక్కడ కేకేస్తే పై ఊళ్ళో పొయ్యి వెలిగేదనేవారు, అంత గొంతు. ఆ కొర్లమ్మకి నెలలు నిండి నొప్పులొచ్చేయి. వచ్చి వచ్చి గంగమ్మ పండగ నాడే వచ్చేయి. ఆ వేళ మనం పడవ నీట్లో దించం కదా, దించితే అమ్మకి కోపమని. మొగుడెళ్ళి పెద్దల కాళ్ళు పట్టుకున్నాడు. పొద్దుగూకనీరా, పండగ దాటిపోనీ అన్నారు పెద్దలు. ఏటి ఒడ్డున ఆ చింతచెట్టు కిందే కూర్చుని ఆవిడ పడవల కేసి చూసింది, చూసింది, పొద్దుగూకేసరికి ఆవిడా పోయింది, కడుపులో బిడ్డా పోయింది.

అప్పట్నుంచి సంజవేళ ఆ చెట్టు కింద మూలుగు. ఎండుచేపల వాసన. భూతవైద్యుడొచ్చి చెట్టుకి ఇనప మేకు కొట్టేడు. మేకు తుప్పు పట్టింది గాని మూలుగు ఆగలేదు.

ఊరికి సిగ్గేసింది. భయమూ వేసిందిలే. మన ఊళ్ళోనే ఆసుపత్రి కట్టాలనుకున్నారు. చేపలమ్మిన డబ్బులో వలకో పాలు, పడవకో పాలు, మనిషికో పాలు తీస్తాం కదా, ఆసుపత్రికీ ఒక పాలు తియ్యడం మొదలెట్టేరు, ఏళ్ళ తరబడి తీసేరు, ఇసకా సున్నం ఆడాళ్ళు మోసేరు. అయితే మనవాళ్ళకి ఓ అలవాటుంది, ఏం కట్టినా సముద్రం కేసే గుమ్మం పెడతారు, పడవలొచ్చేది కనబడాలని. దీనికీ అలాగే పెట్టేరు. కప్పు పడ్డాక చూసుకుంటే, ఊళ్ళోంచి ఆ గుమ్మంలోకి రావాలంటే చింతచెట్టు కింద నుంచే చుట్టి రావాలి. మరి కడుతున్నప్పుడు ఒక్కడికీ తట్టలేదా అంటారు. కట్టింది పగలు కదరా.

ఇంకేముంది, కడుపుతో ఉన్న పిల్ల ఒక్కర్తీ అటు రాలేదు. జ్వరమొచ్చినోడు కూడా కషాయం తాగి ఇంట్లోనే పడుకునేవాడు. సుగుణమణి గారని డాక్టరమ్మ వచ్చింది, ఈగలు తోలుకుంటూ కూర్చుని కూర్చుని విసుగెత్తి, ఓనాడు పెట్టె సర్దుకుని సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతానంది. అప్పటికి రోడ్డు పడిందిలెండి.

సరిగ్గా ఆ సాయంత్రమే మీ నానమ్మకి, మా దానమ్మకి, తొలికాన్పు నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. ఆ వేళా గంగమ్మ పండగే, పడవలన్నీ పసుపు రాసుకుని ఒడ్డునున్నాయి. నులకమంచం మీద పడుకోబెట్టి నేనూ మా బావా ఎత్తేం. చెట్టు కిందకి రాగానే గుప్పుమని ఎండుచేపల వాసన కొట్టింది. మా బావ ఇంక నా కాళ్ళు కదలవన్నాడు. అప్పుడు మంచం మీంచి దానమ్మ అంది, "కొర్లమ్మత్తా, నువ్వు పడ్డది నాకొద్దు. దారియ్యి."

వాసన పోయింది. మంచం తేలికైపోయింది, ఇంకెవరో ఓ చెయ్యేసినట్టు.

తీరా వెళ్తే గుమ్మానికి తాళం. అంతలో డాక్టరమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని, రొప్పుతూ ఇసకలో పరుగెత్తుకొచ్చింది. బిడ్డని తిప్పి తీసింది. ఆ బిడ్డే ఇదిగో, మీకందరికీ టీ పోస్తున్న మీ అత్త.

చేతులు కడుక్కుంటూ డాక్టరమ్మ అడిగింది, నేను బస్సెక్కి కూర్చుంటే ఒకావిడ కిటికీ దగ్గరకొచ్చి, కాన్పొస్తోంది దిగమ్మా అని కేకేసింది, నెత్తి మీద ఎండుచేపల తట్టుంది, ఏం గొంతు బాబూ, ఎవరావిడ, ఓసారి పిలవండి అని. ఏమని పిలుస్తాం? మా బావ చెట్టు కేసి దణ్ణం పెట్టేసేడు. నాకు మాత్రం ఏడుపొచ్చేసింది. తనకి దక్కనిది నా పెళ్ళానికి తెచ్చిచ్చింది కదా.

బిడ్డకి కొర్లమ్మనే పేరు పెట్టేం, మేకు పీకించేం. డాక్టరమ్మ ఉండిపోయింది. ఇప్పుడు పై ఊళ్ళవాళ్ళు కూడా మన దగ్గరకే వస్తున్నారు, కళ్ళతో చూస్తున్నారుగా. మధ్యలో ఓ ఇంజనీరొచ్చి రోడ్డు వైపు గుమ్మం పెడతానంటే ఆడాళ్ళు ఒప్పుకోలేదు, కొర్లమ్మకి చెప్పకుండా కాన్పుకెలా వెళ్తామన్నారు.

అంచేత, పని లేకుండా ఆ చెట్టు కిందకి పోకండి. మనిషి కనబడితే చాలు, రోగమొచ్చిందనే అనుకుంటుందావిడ. మొన్న చల్లగాలికని కాసేపు కూర్చున్నాను. ఎవరో వెనకనుంచి తోసినట్టయింది, చూసుకుంటే డాక్టరు ముందున్నాను. షుగరుందన్నారు. అప్పట్నుంచీ మీ అత్త నాకు చప్పటి టీయే పోస్తోంది.