కామెర్ల వంశం

కామెర్లా? ముగ్గురికీ కామెర్లేనా? ఏదీ, ఆ ఫారం ఇటివ్వు జయంతీ. మా అత్తగారు చెప్పిందల్లా అలా రాసుకుపోయావా? మీ యూనివర్సిటీ వాళ్ళు రక్తంలో తాగుడు జీన్ వెతుకుతున్నారా, ఆవిడకి సన్మానం చేస్తున్నారా?

కొట్టెయ్. మళ్ళీ రాయి. మా ఆయన తాతగారు, కల్లు. మామగారు, సారా. చిన్నమామగారు అబ్రహాం గారికి మాత్రం నిజంగానే కామెర్లు. అవీ ఊరికే రాలేదులే! సామ్యూల్ బావగారు కాలవలో కాలుజారి పోయాడందా? పట్టపగలమ్మా! మోకాలి లోతు నీళ్ళు!

పెన్ను ఆపావేం? ఆవిడ ఇప్పట్లో రాదులే. చర్చ్‌లో సాక్ష్యం చెబుతోంది, కొడుకు తాగుడు మానేశాడని. తాగినన్నాళ్ళూ తప్పు నాది. మానేస్తే మహిమ దేవుడిది. మధ్యలో వాంతులు కడిగింది ఎవరట?

డెబ్భై ఏడులో పెళ్ళై అమెరికాకి, ఈ నేపర్‌విల్ వచ్చాను. పదకొండేళ్ళుగా ఒకటే పాట. "మా వంశంలో లేదు, నువ్వొచ్చాకే అంటుకుంది." అందుకే మీవాళ్ళు బ్లడ్ కావాలనగానే, నర్సుని కదా, ఆయన చెయ్యి పట్టుకుని నేనే రెండు ట్యూబులు లాగిచ్చా. ఆ జీనేదో దొరకనీ, ఫ్రేమ్ కట్టించి హాల్లో ప్రభువు పటం పక్కనే తగిలిస్తా.

నవ్వకు. నిజంగానే అంటున్నా.

అంకుల్ ఎలా ఉన్నారంటావా? బానే ఉన్నాడు. మానేసి ఆర్నెల్లు. ఆఫీస్‌కి వెళ్తాడు, వస్తాడు, టీవీ చూస్తాడు. నన్ను చూడడు.

అదివరకు రెండు పెగ్గులు పడితే "వసంతా" అని పిలిచేవాడమ్మా. హాస్పిటల్ సబ్బుకి నా చేతులు పగిలాయని వంటింట్లో నిలబెట్టి కొబ్బరినూనె రాసేవాడు. రాస్తూ పాడేవాడు కూడా, అదీ శ్రుతి లేకుండా. మూడోది పడ్డాకే కదా రాక్షసుడయ్యేది! ఇప్పుడేమో "ఉప్పు తక్కువైంది". రోజంతటికీ అదే మాట.

ఇదిగో, ఇది మీ అమ్మకి చెప్పకు. నిన్న డ్యూటీ నుంచి వస్తూ కార్ ఆపి ఒక బాటిల్ కొన్నాను. ఆయన అడగలేదు. నేనే. బియ్యం డబ్బాలో దాచాను.

రెండే పోద్దామని.

అలా చూడకమ్మా. నాకు తెలీదా మూడోది ఎలా వస్తుందో? తెలిసే కొన్నాను.

రాసుకో. తాతల దగ్గర్నుంచీ నేను చెప్పిందంతా రాసుకుని, కింద ఇది కూడా రాయి. ఈసారి మాత్రం మా అత్తగారు అన్నది నిజమే.