గున్న నా వెనకాల వచ్చిన సంగతి

ఆఫీసరు గారికి నమస్కారం.

నా రాత బాగుండదు, క్షమించాలి. ఒత్తులు ఎక్కడ పడతాయో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాను. ఆ తరవాత పెన్ను పట్టుకున్నది సంతకాలకే. నోటితో చెప్పమంటే నాకు నోరు పెగలలేదు. మీరు ఎదురుగా కూర్చుంటే అసలే పెగలలేదు. "మాట రాకపోతే రాసివ్వండి పెద్దాయనా, జరిగింది జరిగినట్టు, వరసగా" అని మీరే కాగితాలిచ్చారు. అందుకని రాస్తున్నాను.

నా పేరు, చిరునామా మీ కానిస్టేబుల్ గారు వేరే కాగితం మీద రాసుకున్నారు. వయసు అరవై తొమ్మిది. డెబ్బై కూడా కావచ్చు. వానల్లో పుట్టావని మా అమ్మ చెప్పింది గానీ ఏ ఏటి వానల్లోనో చెప్పలేదు. పని, హైస్కూలు ముందు రోడ్డు దాటించడం. ఎర్ర బోర్డు ఎత్తి బండ్లు ఆపుతాను, పిల్లలు దాటుతారు. బళ్ళో అందరూ బోర్డు తాత అంటారు.

ఈ పనికి ఒక పద్ధతి ఉంది. అది ముందు చెప్పకపోతే తరవాతది మీకు అర్థం కాదు. రోడ్డు మీదికి దిగాక పిల్లల్ని చూడకూడదు, బండ్లను చూడాలి. పిల్లల్ని చూస్తూ ఉంటే బండి సంగతి మరిచిపోతాం. నాకు పని నేర్పిన ముసలాయన మొదటి రోజే చెప్పాడు. "వెనక ఎవరొస్తున్నారో నీకెందుకురా, ముందు ఎవడు మీదికొస్తున్నాడో చూడు" అన్నాడు. అప్పటినుంచి నేను వెనక్కి చూడను. అలవాటైపోయి మామూలుగా నడిచేటప్పుడు కూడా చూడను.

ఈ వారం మొదట్లో బడివాళ్ళు నాకు కొత్త కోటు ఇచ్చారు. చేతులు లేని కోటు, చొక్కా మీద తొడుక్కునేది. పాతది పచ్చ రంగు, వెలిసిపోయింది. ఇది నారింజ రంగు. మా ఆవిడ వీధి చివర నన్ను చూసి, "ఏమయ్యా, పండ్లబండి దానంతటదే నడిచొస్తోందేమిటా అనుకున్నా" అంది. చుట్టుపక్కలవాళ్ళంతా నవ్వారు. ఆ రోజు నుంచి మా వీధి మలుపులో సెలూను దగ్గరే కోటు విప్పి సంచిలో పెట్టుకుని ఇంటికి పోతున్నాను. ఇది కూడా తరవాత పనికొస్తుంది, అందుకని రాశాను.

ఇప్పుడు నిన్నటి సంగతి.

బళ్ళో వడ్రంగం గది అని ఒకటుంది. వడ్రంగం ఇప్పుడు లేదు, పేరే మిగిలింది. అక్కడ పదో తరగతి పిల్లలు పోటీకి రోబో చేస్తున్నారు. మోకాలి ఎత్తుంటుంది, కింద చక్రాలు, ముందు తొండం. తొండంతో బంతుల్ని పట్టుకుని బుట్టలో వెయ్యాలట. ఎవరూ నడపకూడదు, బంతి ఎక్కడుందో దానంతటదే వెతుక్కోవాలట. తొండం ఉంది కనక పిల్లలు గున్న అని పేరు పెట్టారు. పొద్దున పని అయ్యాక నా బోర్డు ఆ గదిలో తలుపు వెనక పెడతాను. సాయంత్రం తీసుకుని, పని అయ్యాక ఇంటికి పట్టుకుపోతాను.

నిన్న నాలుగు కొట్టడానికి కొంచెం ముందు బోర్డు కోసం వెళ్ళాను. లోపల పోట్లాట. ఆ జట్టుకు పెద్దగా ఉండే అమ్మాయి, అందరూ మేనేజరమ్మ అంటారు, అరుస్తోంది. సన్నగా ఉండే అబ్బాయి, తీగ అంటారు, వైర్ల పని వాడిదే, వాడూ అరుస్తున్నాడు. నేను లోపలికి పోలేదు. పోట్లాట మధ్యలో బోర్డు తీసుకోవడం బాగుండదని గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"ఆ స్క్రూ బిగించమని నీకు ఎన్నిసార్లు చెప్పానురా! బంతి పట్టుకుంటుంది, సగం దూరం పోయి వదిలేస్తుంది. అచ్చం నీలాగే!"

"అయితే నువ్వే బిగించుకో. స్క్రూ నువ్వే, గున్న నువ్వే, పోటీ నువ్వే."

"బిగించుకుంటా! నేనొక్కదాన్నే తీసుకుపోతా, మీరెవరూ రావద్దు!"

ఈ చివరి మాట వరండాలో పోతున్న హెడ్మాస్టరమ్మ గారు కూడా విన్నారు. గున్న పోయిందని ఆవిడ మీకిచ్చిన ఫిర్యాదులో రాసింది ఈ మాటే. కానీ ఆవిడ అక్కడ ఆగలేదు, తరవాతది వినలేదు. తీగ విసురుగా బయటికి పోయాడు. మిగతా పిల్లలు వాడి వెంట పోయారు. అమ్మాయి ఒక్క నిమిషం నిలబడి, "ఒరేయ్ ఆగరా, ఊరికే అన్నానురా" అంటూ తనూ పరిగెత్తింది. నా పక్కనుంచే పరిగెత్తింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి, నన్ను చూడలేదు. ఇది నేను విన్నాను, చూశాను. దొంగతనం చేసే మనిషి "ఆగరా" అని పిలవదు అని నా అభిప్రాయం. అభిప్రాయాలు రాయవద్దన్నారు మీరు. కొట్టెయ్యమంటే కొట్టేస్తాను.

అప్పుడు లోపలికి వెళ్ళాను. గున్న గది మధ్యలో ఉంది. మెడ దగ్గర చిన్న దీపం వెలుగుతోంది. నేను బోర్డు తీసుకుంటుంటే తొండం నావైపు తిప్పింది. పలకరించిందేమో అనుకుని నేనూ తల ఊపాను. ఎవరూ లేరు కనక ఊపాను. తరవాత గేటు దగ్గరికి వచ్చేశాను.

నాకు ఎడమ చెవిలో జోరీగ ఉన్నట్టు చప్పుడు వస్తూంటుంది. ఎప్పుడూ ఉండదు, వస్తుంది, పోతుంది. నిన్న గేటు దగ్గరికి వచ్చేసరికి అది ఎక్కువైంది. గుర్రుమని ఒకటే మోత. డాక్టరుకు చూపించుకోవాలి అనుకున్నాను. బెల్లు కొట్టారు, పిల్లలు వచ్చారు, రోడ్డు దిగాను. దిగినప్పుడు మోత, ఆగినప్పుడు లేదు. మళ్ళీ నడిస్తే మోత. నడిస్తే మోగే చెవి నేనెక్కడా వినలేదు.

నిన్న పిల్లలు చప్పట్లు కూడా కొట్టారు. ఎందుకో తెలియలేదు. కొత్త కోటుకేమో అనుకున్నాను. బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "తాతా, పిల్లాడు ఎవరి పోలిక?" అన్నాడు. మా మనవడి సంగతి అడుగుతున్నాడనుకుని, "వాళ్ళమ్మ పోలిక" అన్నాను. బస్సులో అందరూ నవ్వారు. నవ్వేవాళ్ళను చూస్తే నాకు సిగ్గు, అందుకని తల వంచుకుని నా పని చూసుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, నేను ఎన్నిసార్లు దాటానో అన్నిసార్లు గున్నా దాటిందన్నమాట. బండ్లు కూడా దాని కోసం ఆగాయన్నమాట. నేనే ఆపాను.

పని అయ్యాక ఇంటిదారి పట్టాను. చప్పుడు దారి పొడుగునా ఉంది. సైకిలు షాపు ముందు ఎవరో ఈల వేశారు. నేను చూడలేదు. సెలూను దగ్గర ఆగి, కోటు విప్పి మడిచి సంచిలో పెట్టుకున్నాను. సెలూనాయనకు నిన్న సెలవు, తలుపు వేసి ఉంది. కోటు సంచిలో పడగానే చప్పుడు పోయింది. పూర్తిగా పోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికెళ్ళి మా ఆవిడతో చెవి బాగైందని చెప్పాను.

"ఏ మందు వేసుకున్నావేం?"

"ఏమీ లేదు, కోటు విప్పాను."

"చెవికీ కోటుకీ ఏమిటయ్యా సంబంధం?"

నాకూ తెలియదన్నాను. ఇప్పటికీ సరిగా తెలియదు.

ఇవాళ పొద్దున సెలూను మెట్టు దగ్గర ఇసుక పడి ఉంది. ఎందుకని అడగలేదు. నేను ఎవరినీ ఏమీ అడగను. బడి దగ్గర దాటిస్తుంటే ఒక చిన్నపాప చెయ్యి పట్టుకుని, "తాతా, నిన్న నీ వెనకాల వచ్చిన ఏనుగు ఇవాళ రాలేదేం?" అంది. పిల్లలు అలా ఏదో ఒకటి అడుగుతుంటారు. "నిద్రపోతోందమ్మా" అన్నాను. అది కూడా రాయాలి కనక రాస్తున్నాను. నేను అబద్ధమాడాలని ఆడలేదు.

వడ్రంగం గది ఇవాళ తెరవలేదు, అందుకని బోర్డు పట్టుకుని గేటు దగ్గరే ఉన్నాను. మధ్యాహ్నం తీగ రొప్పుకుంటూ వచ్చాడు. "తాతా, మేనేజరమ్మని స్టేషన్లో కూర్చోబెట్టారు. గున్నని అదే మాయం చేసిందట. దీపం ఆర్పావా, గదికి తాళం వేశావా అంటే, ఆర్పాననుకున్నా, వేశాననుకున్నా అంటోందట. అనుకున్నా అంటే ఎవరు నమ్ముతారు? పొద్దున ఎక్కడో సెలూను ముందు దొరికింది. సెలూనాయన బాంబనుకుని ఫోన్ చేశాడు. పోలీసులు చుట్టూ ఇసుక బస్తాలు పెట్టి, తరవాత బస్తాలతో సహా స్టేషన్ వరండాలోకి మార్చారు" అన్నాడు.

"ఏ సెలూను?" అన్నాను.

చెప్పాడు.

అప్పుడు నేను రోడ్డు మీద నిలబడి వెనక్కి తిరిగి చూశాను. ఏమీ లేదు. అయినా చాలాసేపు చూశాను. తరవాత బోర్డు తీగ చేతికిచ్చి, సంచి పట్టుకుని ఇక్కడికి వచ్చాను. పోలీసు స్టేషన్ గుమ్మం ఎక్కడం నాకు ఇదే మొదటిసారి.

"ఎవరు తీసుకెళ్ళారు, ఒక్క ముక్కలో చెప్పండి" అని మీరు అడిగారు. ఆ ఒక్క ముక్కే నాకు దొరకడం లేదు. నేను తీసుకెళ్ళలేదు. నేను వెళ్ళాను, అది వచ్చింది. కుక్కపిల్ల వెంటబడి ఇంటిదాకా వస్తే మనం ఎత్తుకుపోయినట్టా? కాదంటాను. కానీ నేను వెళ్ళకపోతే అది వచ్చేది కాదు. రోడ్డు కూడా నేనే దాటించాను. అలా చూస్తే తీసుకెళ్ళినట్టే. రెండువైపులా ఆలోచిస్తే తల తిరుగుతోంది.

పై మాట రాస్తుండగా బెంచీ మీద కూర్చున్న ఆ అమ్మాయి లేచి వచ్చింది. మీరు కూర్చోమన్నా కూర్చోలేదు, మీరు చూశారు. "తాతా, నిన్న కొత్త కోటు వేసుకున్నావా?" అంది. సంచిలోంచి తీసి చూపించాను. అమ్మాయి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. పోటీ బంతులు నారింజ రంగట. గున్నకి నారింజ రంగు తప్ప ఇంకేమీ కనపడదట. ఆ రంగు ఎటుపోతే అటు పోవడమే దాని పనట. కోటు సంచిలోకి పోగానే లోకమంతా చీకటైపోయి, వెతుక్కుంటూ సెలూను మెట్టుకు కొట్టుకుని పడి ఉంటుందట.

"అంటే నన్ను గుర్తుపట్టి కాదామ్మా?" అన్నాను.

"నీ ముఖం దానికి తెలియదు తాతా. కోటే తెలుసు."

నాకు కొంచెం బాధ కలిగింది. ఇది కేసుకు సంబంధం లేదు. నన్ను పలకరించిందనుకున్నాను కదా, అందుకని.

మీరు మాత్రం, "రంగు చూసి వెంట పోయిందని ఫైల్లో రాస్తే నన్ను పైవాళ్ళు బతకనివ్వరు" అన్నారు. అది నిజమే. దొంగతనమైతే గున్న కేసు సొత్తు, కోర్టు చెప్పేదాకా కదలదన్నారు. కాకపోతే ఎలా వచ్చిందో ఒకరు సంతకం పెట్టి చెప్పాలన్నారు. అయిదింటికల్లా పోటీవాళ్ళు బడికి వచ్చి, రోబోని పెట్టెలో పెట్టించి సీలు వేస్తారు. సీలు పడని రోబో పోటీకి పోదు. తొండంలో ఒక వేలు వంగింది, సరిచెయ్యడానికి కొంచెంసేపు పడుతుందని అమ్మాయి అంటోంది. ఇప్పుడు మీ గోడ గడియారంలో మూడు దాటింది. కిటికీలోంచి చూస్తే పిల్లలు ఖాళీ పెట్టె పక్కన నిలబడి ఉన్నారు. తీగ కొత్త బ్యాటరీ ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో నా బోర్డు పట్టుకుని కూర్చున్నాడు. నా రాత నిదానం, వాళ్ళ పొద్దు అంతా ఈ కాగితాల మీదే గడిచిపోతోంది.

అందుకని నాకు తోచింది ఒకటి చెప్తాను. ఇసుక బస్తాలు ఒక పక్క తీయించండి. వేలు తరవాత, ముందు చక్రాలు చాలు. తీగని బ్యాటరీ పెట్టనివ్వండి. నేను కోటు వేసుకుని వరండా అవతలికి నడుస్తాను. వెనక్కి చూడను, చూడటం నాకు రాదు. మీరు చూడండి. అది నా వెంట వస్తే ఎవరూ దొంగ కాదు. మీరు ఊ అంటే అలాగే రోడ్డు దాటించి బడిదాకా తీసుకుపోతాను, కావాలంటే కానిస్టేబుల్ గారు కూడా రావచ్చు. అది రాకపోతే నేనే తీసుకెళ్ళానని రాసుకోండి, కింద సంతకం ఉండనే ఉంది. ఆ అమ్మాయి పేరు మాత్రం కొట్టేయండి.

పైన రాసిందంతా నేను చూసింది, విన్నది. ఎవరూ చెప్పి రాయించలేదు, బెదిరించలేదు. అర్థం కానిది అర్థం కాలేదనే రాశాను. చదివి చూసుకున్నాను, తప్పులు మిగిలే ఉంటాయి.

సంతకం
బోర్డు తాత

మళ్ళీ ఇంకొక మాట. నాలుగింటికి బడి వదులుతారు, రోడ్డు మీద నేనుండాలి. దయచేసి జవాబు త్వరగా చెప్పగలరు. కోటు తొడుక్కునే కూర్చున్నాను.