నిమ్మతోటకు సరితూగిన రివాల్వరు

మాలకొండమ్మ తల పట్టుకొని కూర్చుందంట. ఎక్కడ? పోలీసు స్టేషను వరండాలో. తప్పు చేసి కాదు లేండి, ఆమె జన్మలో ఒకరి చేలో కందికాయ కూడా తుంచిన మనిషి కాదు. ఏమైందంటే, వాళ్ల మామ వెంగళరెడ్డి పోయినాక ఆయన రివాల్వరుని స్టేషనులో అప్పజెప్పాల్సి వచ్చింది. లైసెన్సు ఉన్న మనిషి పోతే అంతే గదా, కొడుకుల్లో ఎవరో ఒకరు తమ పేర కాయితం తెచ్చుకున్నదాకా అది సర్కారు బీరువాలోనే ఉంటది. కొడుకులు ఇద్దరు. పెద్దోడు రోశిరెడ్డి, ఈ మాలకొండమ్మ మొగుడు. చిన్నోడు చెంచిరెడ్డి. ఇద్దరికీ ఆ రివాల్వరంటే ప్రాణం. ఇద్దరిలో ఒక్కడూ దాన్ని పేల్చి ఎరగడు. నువ్వు పేల్చావా అని అడగబోతున్నారు, నాకు తెలుసు. నెల్లూరులో బి.ఏ. చదివేటప్పుడు ఎన్.సి.సి.లో ఒక తుపాకి పేల్చా, భుజం వాచి అన్నం కూడా ఎడమచేత్తో తిన్నా. ఆ గుండు ఎటు పోయిందో మా మేష్టరుకీ తెలీదు, నాకూ తెలీదు. ఆ సంగతి పోనీండి. ఒరే, ఆ బీడీ అవతలకి పోయి తాగు, నాకు దగ్గొస్తాంది.

ఆ, పంపకాల కాడికి వద్దాం. ఆ ఊళ్లో పద్ధతేందంటే, పెద్దోడు కుప్పలు పెట్టాల, చిన్నోడు ముందు ఏరుకోవాల. అట్టయితే పెద్దోడు ఒళ్లు దగ్గర పెట్టుకొని సమంగా పంచుతాడని. ఒకసారి పెద్దమనిషి ముందర కుప్ప పెట్టినాక, ఆయన సరేనంటే తప్ప కదిలించగూడదు. వీళ్లకి పెద్దమనిషి మేనమామ కోటిరెడ్డి. ఇల్లూ, మెట్టా, గొడ్లూ అన్నీ పేచీ లేకుండా సగం సగం అయిపోయినాయంట. చివరికి మిగిలింది బావికింద నిమ్మతోట, ఈ రివాల్వరు. తోటని మధ్యలో గట్టేసి రెండు ముక్కలు చేస్తే సరిపోయేది. మన రోశిరెడ్డి ఏం చేశాడు? గొంతు సవరించుకొని, మీసం ఒకసారి దువ్వుకొని, "ఇటు తోట, అటు నాయన రివాల్వరు. ఏరుకోరా చెంచా" అన్నాడంట. లోపల మజ్జిగ చిలుకుతా ఉన్న మాలకొండమ్మ చేతిలో కవ్వం అట్టే ఆగిపోయింది. ఆ తోట ఆమె పెంచింది గదయ్యా. బావికి మోటారు రాకముందు, ఎండల్లో, బిందె చంకన పెట్టుకొని ఒక్కో మొక్క పాదులో నీళ్లు పోసింది. ముళ్లు గీరుకోని చేతులు చూస్తే పిల్లి రక్కినట్టుండేవి. ఇప్పుడిప్పుడే కాపుకొస్తా ఉంది. చెంచిరెడ్డి నోరు తెరిచి "తోట" అన్నాడంటే అయిపోయింది, ఆమె బతుకంతా అవతలి కుప్పలోకి పోయినట్టే.

మొగుణ్ని దొడ్లోకి లాక్కుపోయిందంట. "ఏవయ్యా, నీకేమన్నా గాలి సోకిందా? తోటకీ దానికీ సాటి ఏంది?" అనింది. "ఊరుకోవే, నీకు తెలీదు. వాడు ఎటూ తోటే అడుగుతాడు. రివాల్వరు మనకొస్తది. దొరలనాటిది అది. అట్టాంటిది ఆ దొరల దేశంలో లక్షలకి పోయిందని పేపర్లో పడింది. ఇట్టాంటి తోటలు ఎన్ని కావాలంటే అన్ని కొనిస్తా నీకు" అన్నాడు. "పేపర్లో పడింది మన రివాల్వరా?" "అట్టాంటిదే." "అట్టాంటిది కాదయ్యా, ఇదేనా?" "అట్టాంటిదే అంటా ఉంటే మళ్లీ అడుగుతావేందే!" ఇంక ఈ మనిషితో మాట్లాడి లాభం లేదనుకొని, తిన్నగా పోయి కోటిరెడ్డి ముందర నిలబడింది. "మామా, దాని వెల ఎంతో తెలిసినోళ్ల చేత చెప్పించి, అప్పుడు కుప్పలు ఖాయం చెయ్యి. నీకు దణ్ణం పెడతా" అనింది. కోటిరెడ్డి సరేనన్నాడు. చెంచిరెడ్డీ సరేనన్నాడు. ఎందుకంటే వాడికి అసలు ఏది ఏరుకోవాల్నో తెలియడంలా. తోట వదల్లేడు, రివాల్వరు వదల్లేడు. మర్నాడు మాలకొండమ్మ బస్సెక్కి నెల్లూరు పోయి, అక్కడ తుపాకుల అంగడి నడిపే హుస్సేను సాయిబుని బతిమాలి, ఆయనకి చార్జీ కూడా తనే పెట్టి, వెంటబెట్టుకొని స్టేషనుకి తెచ్చింది. అన్నదమ్ములిద్దరూ, కోటిరెడ్డీ కూడా అక్కడికే వచ్చారు. ఇదీ ఆమె ఆ వరండాలో ఉండేదానికి కారణం.

హెడ్డు కానిస్టేబులు రివాల్వరుని గుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇది స్టేషనయ్యా, ఎద్దుల సంత కాదు. పళ్లు లెక్కబెట్టుకోని తొందరగా కదలండి" అన్నాడంట. సాయిబు అద్దాలు పెట్టుకున్నాడు. గుడ్డ విప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిందంట. విప్పినాక ఆరిపోయిందంట. "గొట్టం ఎవరు కోశారు?" అన్నాడు. రోశిరెడ్డి రొమ్ము విరుచుకొని, "మా నాయనే కోయించాడు. బండిలో కూర్చుంటే పొట్టలో గుచ్చుకుంటా ఉండింది. మా ఊరి కమ్మరి కోసి, ఆకురాయి పట్టి నున్నగా చేశాడు" అన్నాడు. "గురి చూసే పలుకు కూడా దాంతోపాటే పోయిందే?" "మా నాయనకి గురి ఎందుకండీ, బయటికి తీస్తేనే జనం పరిగెత్తేవాళ్లు." ఇటు చెంచిరెడ్డి, "ఆయన నడకే వేరులే సాయిబూ" అని వత్తాసు. "ఈ తెల్లపూత ఎక్కడిది?" "సైకిలు రిమ్ములకి పూతేసేవాడి దగ్గర వేయించాం. నల్లగా ఉంటే పెళ్లి ఊరేగింపులో ఎవరికీ కనపడటంలా." "కంపెనీ ముద్ర ఏదీ?" "పూతకి ముందు సానబట్టారు గదా, అందులో పోయింది. ఉన్నా గరుగ్గా ఉండేదిలే." "పిడి?" "కొయ్యది పీకేశాం. ఇది దున్నపోతు కొమ్ము. దాని మీద మా మాలకొండ నరసింహస్వామిని వెండితో పొదిగించాం, చూడు ఎంత కళగా ఉన్నాడో." సాయిబు ఒక్కో జవాబుకీ ఒక్కోసారి కళ్లు మూసుకున్నాడంట, పంటి నొప్పి వచ్చినోడి మాదిరి.

అద్దాలు తీసి మాలకొండమ్మ వైపు తిరిగి, "అమ్మా, మీ ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. దీన్ని కొన్ననాడే నూనెగుడ్డలో చుట్టి అటక మీద పారేసుంటే, ఈ రోజు నేనే మీ ఇంటి చుట్టూ తిరిగేవాణ్ని. పాతదాన్ని పాతగా ఉంచితేనే వెల. ఇప్పుడు దీనికి ఆ వెండి ఎంతో అంతే వెల. కొనాలన్నా లైసెన్సు ఉన్నోడే కొనాల. తెలిసినోడు కొనడు, తెలియనోడికి లైసెన్సు ఉండదు. లైసెన్సులో రాసిన నంబరు ఒక్కటి గీకెయ్యకుండా వదిలారు, పుణ్యాత్ములు. అదీ గీకేసుంటే హెడ్డుగారు మిమ్మల్ని కూడా గుడ్డలో చుట్టేవాడు" అన్నాడు. మాలకొండమ్మకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. "విన్నావా మామా?" అనింది. కోటిరెడ్డి తలకాయ ఊపి, "విన్నా. ఒరే రోశిగా, తోట చెరిసగం చెయ్యి, దీన్ని ఎవరో ఒకరు దేవుడి గూట్లో పెట్టుకోండి" అన్నాడు. ఇక్కడితో కథ అయిపోవాల. అయిపోతే నేను మీకెందుకు చెప్తా?

"ఆగు మామా" అన్నాడు చెంచిరెడ్డి. వాడి కళ్లు సన్నగా అయినాయంట. "సాయిబుని తెచ్చిందెవరు?" "మీ వదిన." "చార్జీ పెట్టిందెవరు?" "మీ వదినే. అయితే?" "మా వదిన తిరనాళ్లలో జడపిన్ను కొనేదానికి అంగడోడితో పొద్దుగూకిందాకా బేరమాడుతుంది. ఆ మనిషి, పనికిరాని ఇనపముక్క కోసం ఇద్దరికి చార్జీ పెట్టి నెల్లూరు పోయొచ్చిందా? మీరు నమ్మండి, నేను నమ్మను." మాలకొండమ్మ నెత్తి కొట్టుకునింది. అత్త పోయినాక వాణ్ని ఆమే పెంచింది గదా, తలంటి, అన్నం కలిపి పెట్టి. "నాయనా చెంచిరెడ్డీ, నీ దగ్గర నాకు దొంగతనం ఏందిరా? అది పనికిరాదు. దానికి పోబోకు. సగం తోట తీసుకో, సుఖంగా ఉండు" అనింది. "చూశావా మామా! సగం తోట కూడా ఇస్తానంటాంది! రివాల్వరు మాత్రం తీసుకోవద్దంటాంది!" "మాలకొండ సామి మీద ఒట్టు రా!" "ఆ సామి దాని మీదే ఉన్నాడు వదినా. వెల ఆయనకీ తెలుసు." ఇంక ఆమె సాయిబు వైపు తిరిగి, "అయ్యా, నువ్వన్నా ఇంకొకసారి చెప్పయ్యా" అనబోయింది. చెంచిరెడ్డి మధ్యలో, "ఎంత ముట్టజెప్పిందేం సాయిబూ?" అన్నాడు. అంతే, సాయిబుకి కోపం వచ్చి గొడుగు చంకన పెట్టుకొని బస్సుకి పోయాడు. "అదిగో, జారుకున్నాడు" అన్నాడు చెంచిరెడ్డి. మాలకొండమ్మ ఎంత వద్దంటే వాడికి అంత కావాలనుకో. నిజం చెప్పేకొద్దీ అబద్ధం అయిపోతాంది, ఆమె ఏం చేస్తది? "నేను ఏరుకున్నా. పెద్దోడు పెట్టిన కుప్పల్లో రివాల్వరు నాది. తోట వాళ్లది" అన్నాడు. కోటిరెడ్డి, "ఏరుకునేది నువ్వేరా. నీ ఇష్టం" అని పైగుడ్డ దులుపుకొని లేచాడు. రోశిరెడ్డి అక్కడే, స్టేషను మెట్ల మీదే కూలబడి, నాయన పోయిననాడు ఏడవనంత ఏడ్చాడంట.

తోట దక్కింది గదా, ఆమె సంతోషంగా ఉందనుకుంటారు మీరు. ఎట్టుంటది? ఇంట్లో మొగుడు, "లక్షల సొత్తు నీ సాయిబు నోటితో పోగొట్టావు" అని అన్నం ముందర కూర్చున్నప్పుడల్లా అదే పాట. అవతల చెంచిరెడ్డి లైసెన్సు కోసం తిరిగి తిరిగి కాయితం తెచ్చుకొని, రివాల్వరుని మద్రాసులో పెద్ద అంగడికి తీసుకుపోయాడు. వాళ్లూ సాయిబు చెప్పిందే చెప్పారు. వీడు ఊళ్లోకొచ్చి, "నెల్లూరు సాయిబు వాళ్లకి ముందే ఫోను చేసి పెట్టాడు" అన్నాడు! మాలకొండమ్మ మనసాగక, నిమ్మకాయలు కోతకొచ్చినప్పుడల్లా సగం వాడి వాకిట్లో దించుతుంది. వాడు బండి వెనక్కి తిప్పిస్తాడు. "మాకెందుకు వదినా కాయలు, అంత సొత్తు ఇంట్లో పెట్టుకొని" అంటాడు. తీసుకుంటే ఓడిపోయినట్టు ఒప్పుకోవాల గదా. రోశిరెడ్డి పొద్దు వాలేసరికి తమ్ముడి అరుగు మీదికి చేరతాడు. అన్నదమ్ములిద్దరూ రివాల్వరు మధ్యలో పెట్టుకొని, మెత్తటి గుడ్డతో తుడుచుకుంటా, దాని వెల పెంచుకుంటా కూర్చుంటారు. తోటలో పని చెప్తే ఇద్దరికీ నడుము నొప్పి.

మొన్న గూడూరులో నిమ్మకాయల మార్కెట్టు కాడ కనపడింది మాలకొండమ్మ. మూటల మీద కూర్చొని ముళ్లు దిగిన చేతికి పసుపు రాసుకుంటా ఉంది. "ఏం తల్లీ, రివాల్వరు ఇప్పుడు ఎంత పలుకుతాంది?" అన్నా, ఊరికే ఉండలేక. నన్ను ఎగాదిగా చూసి, "తెలీదు బాబాయా. పొద్దున కాయ కోతకి ఇద్దర్నీ రమ్మన్నా. ఇంకా బేరం తేల్లేదంట" అనింది. నా బి.ఏ. చదువు పక్కన పెట్టి, మూట ఎత్తేదానికి ఒక చెయ్యేసి వచ్చా.