అండాలమ్మ మాటను అన్ని విండోలకూ చేర్చిన ఎస్తేరు గారు

1994 జూన్ 13, సోమవారం నాడు శ్రీమతి ఎస్తేరు గారు ఎల్బీనగర్‌లోని మన ఆసుపత్రిలో టైపిస్టుగా విధుల్లో చేరారు. నల్లగొండ జిల్లాలోని ఒక చిన్న గ్రామం నుండి వచ్చి, పగలంతా డిశ్చార్జి పత్రాలు టైపు చేస్తూ, సాయంత్రాలు దిల్‌సుఖ్‌నగర్ శిక్షణ కేంద్రంలో ప్రోగ్రామింగ్ అభ్యసించిన ఆమె, పదేళ్ళకు మన ఆసుపత్రి తొలి కంప్యూటర్ వ్యవస్థకు స్వయంగా రూపకల్పన చేశారు.

2008లో నేను వారి కంప్యూటర్ విభాగంలో చేరినప్పుడు, నాకు అప్పగించిన మొదటి పెద్ద పని మందుల విండో, అంటే రోగికి ఇవ్వాల్సిన మందులను వార్డు కంప్యూటర్ తెర మీద చూపే పేజీ. కింద కౌంటరులో నమోదు విండో నింపగానే రోగి వివరాలు పై అంతస్తులోని మందుల విండోకు చేరాలి. నేను రాసిన పద్ధతిలో, మందుల విండో తెరిచిన క్షణాన ఉన్న వివరాల నకలు మాత్రమే అందులోకి వచ్చేది. ఆ తర్వాత నమోదులో ఏది మార్చినా, అప్పటికే తెరిచి ఉన్న విండోకు ఆ సంగతి తెలిసేది కాదు. ఈ లోపం నాకు తోచలేదు. పరిశీలించిన ఎస్తేరు గారి కంటా పడలేదు.

మరుసటి ఏడాది ఆగస్టులో హయత్‌నగర్ నుండి అండాలమ్మ అనే వృద్ధురాలు జ్వరంతో వచ్చారు. పడక కేటాయించాక, ఏదో గుర్తొచ్చి లిఫ్టు దగ్గరి నుండి వెనక్కి వచ్చి, పెనిసిలిన్ తనకు పడదని కౌంటరులో చెప్పారు. గుమస్తా వెంటనే నమోదు చేశారు. వార్డులో అప్పటికే తెరిచి ఉన్న మందుల విండోలో మాత్రం "పడని మందులు: లేవు" అనే ఉండిపోయింది. నర్సు జ్యోతిక గారు సూది సిద్ధం చేసి, అలవాటు ప్రకారం మందు పేరు పైకి చదివారు. అండాలమ్మ చేయి వెనక్కి లాక్కున్నారు.

"గా సూది నాకు పడదు బిడ్డా! కింద చెప్పిన గద!"

ప్రమాదం తప్పింది. సంగతి తెలిసి నేను బల్ల మీద తల పెట్టి ఏడుస్తుంటే ఎస్తేరు గారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

"సాధనా, ఏడిస్తె విండో మారదు. నువ్వు రాసింది జర నాకు చదివి చెప్పు, తప్పు యాడుందో ఇద్దరం చూద్దాం."

సమావేశంలో సూపరింటెండెంట్ బాలకృష్ణ గారు గంభీరంగా అడిగారు: "ఇది ఎవరు రాసిండ్రు?"

ఎస్తేరు గారు లేచారు: "ఎవరు రాసినా, చూసి సరే అన్నది నేను సార్. బాధ్యత నాది. సరిచేసేదాంక కంప్యూటర్ బంద్ చేస్తం, కాగితాల మీదనే నడుపుదాం."

"కొత్త బ్లాక్ ప్రారంభం పెట్టుకున్నం గదమ్మా, ఇప్పుడెట్ల బంద్ చేస్తవు?"

"పేషెంట్ కన్న ప్రారంభం పెద్దదా సార్?"

ఆ గదిలో నేనూ ఉన్నాను. లేచి నా పేరు చెప్పే ధైర్యం లేక తల వంచుకున్నాను. ఆ విండో రాసింది నేనేనని పదహారేళ్ళ తర్వాత మీ అందరి ముందు ఇప్పుడు చెబుతున్నాను.

పది రోజుల్లో ఆ వ్యవస్థను తిరగరాశాం. అప్పటి నుండి ఒక విండో నుండి మరొక విండోకు వెళ్ళేది రోగి సంఖ్య మాత్రమే. వివరాలన్నీ ఒకే చోట ఉంటాయి. అక్కడ ఒక అక్షరం మారినా తెరిచి ఉన్న ప్రతి విండోకూ ఆ క్షణమే కబురు అందుతుంది. కింద కౌంటరులో తానే కూర్చుని మార్పు చేసి, ఎస్తేరు గారు వార్డుకు ఫోన్ చేశారు.

"ఒచ్చిందా జ్యోతికా?"

"ఒచ్చింది మేడం. మార్చింది ఎర్రగ కనవడ్తుంది."

"ఇంకోసారి చూద్దాం."

"మేడం, ఇప్పటికి ముప్పై సార్లు చూసినం!"

ఆ ఏడు ఎస్తేరు గారికి దక్కవలసిన పదోన్నతి రెండేళ్ళు వాయిదా పడింది. ఆ ప్రస్తావన వారి నోట నేను ఏనాడూ వినలేదు. 2011లో విభాగాధిపతి అయ్యాక కూడా, కొత్తగా చేరినవారు రాసిన ప్రతి విండోనూ వారి పక్కనే కూర్చుని, కోపం ఎరుగని స్వరంతో, వరుస వరుసా చదివించుకునేవారు.

గత వారం పదవీ విరమణ చేస్తూ బాధ్యతలు నాకు అప్పగించి, చేతి సంచి భుజాన వేసుకుంటూ ఎస్తేరు గారు అన్నారు: "ఏదన్న పరేషాన్ అయితె ఫోన్ చెయ్. ఏం గాకున్నా చెయ్."

మేడం, మేము తప్పక చేస్తాం, ఏమీ కాని రోజుల్లోనే ఎక్కువగా చేస్తాం. మీర్‌పేట్‌లోని మీ ఇంట, భర్త ప్రేమ్ కుమార్ గారి చెంత, మోకాళ్ళ నొప్పి శాంతించి, కంటి చూపు చెదరక, ప్రభువు కృపతో మీరు నిండు నూరేళ్ళూ ఆరోగ్యంగా ఉండాలని, మేము ఎన్నేళ్ళకు ఫోన్ చేసినా "చెప్పు బిడ్డా" అంటూ మీరే ఎత్తాలని మా అందరి ప్రార్థన.